ఖర్చుల కోత: మన ఊరికి ఏం మిగిలింది?

ముసురు పట్టి నాలుగు రోజుల నుంచి పొలంలోకి దిగే వీలు లేదు. అందుకని చాన్నాళ్ళకి ఒక పెద్ద పోస్టు రాస్తున్నా. ఓపిగ్గా చివరిదాకా చదవండి. సగం చదివి ఏ పార్టీ వాడో అని తీర్పు చెప్పొద్దు. ఇందులో అన్ని పార్టీలూ ఉన్నాయి, మనమూ ఉన్నాం.

మొన్న టీ కొట్టు దగ్గర ఒక కుర్రాడు అన్నాడు. "బాబాయ్, గవర్నమెంటు దగ్గర డబ్బుల్లేవంట. ఖర్చులు తగ్గిస్తే గానీ కుదరదంట." పక్కనే ఉన్న ఇంకొకాయన, "తగ్గించేదేం లేదు, తినేవాళ్ళని ఆపితే అదే సరిపోద్ది" అన్నాడు. ఇద్దరి మాటలోనూ సగం సగం నిజం ఉంది. కానీ ఆ కుర్రాడికి ఇదేదో కొత్తగా వచ్చిన ముచ్చటలాగా ఉంది. ఈ సినిమా మనం ఒకసారి చూశాం. 1991 నుంచి 2004 దాకా పదమూడేళ్ళు చూశాం. అప్పుడు నాకు ఇరవై దాటాయి, ఇంటర్ అయిపోయి నాయనతో పాటు పొలంలో దిగా. కాబట్టి ఇది కొంత చదివింది, కొంత నా కళ్ళతో చూసింది.

కోత అంటే మన భాషలో మంచి మాట. కోతలు వచ్చాయంటే ఇంట్లోకి గింజ వస్తది. అదే మాట సర్కారు నోట్లో నుంచి వస్తే మాత్రం మన గుండె జారుద్ది. ఎందుకో చెప్తా.

అప్పు తెచ్చిన కోత

1991లో మన దేశం పరిస్థితి ఎట్లా ఉందంటే, బయట దేశాల నుంచి సరుకు తెచ్చుకోవడానికి చేతిలో ఉన్న డాలర్లు రెండు మూడు వారాలకి మించి సరిపోవు. పెట్రోలు కొనాలన్నా, ఎరువుల ముడిసరుకు కొనాలన్నా డాలర్లే కావాలి. అప్పటికే కేంద్రం రాబడికి మించి ఖర్చు పెట్టి పెట్టి, దేశ మొత్తం ఆదాయంలో దాదాపు 8 శాతం దాకా లోటు తెచ్చుకుంది. చివరికి ఏం చేశారు? ఆ ఏడాది మేలో 20 టన్నుల బంగారం స్విట్జర్లాండు పంపి డబ్బు తెచ్చారు. జూలైలో రిజర్వు బ్యాంకు దగ్గర ఉన్న బంగారంలో నుంచి దాదాపు 47 టన్నులు విమానాల్లో ఇంగ్లండు తీసుకుపోయి తాకట్టు పెట్టారు.

మనకి ఈ సంగతి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. పెట్టుబడికి డబ్బుల్లేక ఇంటామె మెడలో గొలుసు తీసుకుపోయి బ్యాంకులో పెట్టడం మనలో ఎవరు చేయలేదు? ఇంటికి ఆ గతి పట్టినప్పుడు ఖర్చు తగ్గించాల్సిందే. దాంట్లో నాకు అనుమానం లేదు. ఖర్చు తగ్గించక్కర్లేదు అనేవాళ్ళు ఇల్లు నడపని వాళ్ళు.

అప్పటి ప్రధానమంత్రి మన తెలుగాయన, పి.వి. నరసింహారావు. ఆర్థిక మంత్రి మన్మోహన్ సింగ్. జూలై 24న బడ్జెట్టు పెట్టారు. అంతర్జాతీయ ద్రవ్యనిధి దగ్గర అప్పు కావాలి, వాళ్ళేమో లోటు తగ్గించమన్నారు. లోటు తగ్గించాలంటే ఎక్కడో ఒకచోట కోయాలి. మొట్టమొదట కత్తి ఎక్కడ పడిందో తెలుసా? ఎరువు బస్తా మీద. ఎరువుల ధర ఒక్కసారిగా 40 శాతం పెంచుతున్నామని ఆ బడ్జెట్లోనే చెప్పారు.

అంతకుముందు పదేళ్ళ పాటు ఎరువుల ధరలు దాదాపు ఒకేచోట నిలబడి ఉన్నాయి. ఈలోగా గ్యాసు ధర, కంపెనీల ఖర్చు, దిగుమతి ఖర్చు అన్నీ పెరిగాయి. ఆ తేడా అంతా కేంద్రం భరించింది. 1990-91లో ఎరువుల సబ్సిడీ సుమారు 4,400 కోట్లకి చేరింది. పదేళ్ళు ఏ యేటికాయేడు రూపాయి అర్ధ రూపాయి పెంచుకుంటూ వస్తే మనకి తెలిసేది కాదు. పదేళ్ళు ఓట్ల భయంతో ఊరుకుని, పదకొండో ఏడు ఒకేసారి నెత్తిన పడేశారు. ఇది మొదటి పాఠం, గుర్తుపెట్టుకోండి. వాయిదా వేసిన కోత ఎప్పుడైనా లోతుగా తెగుద్ది.

దేశమంతా గోల చేస్తే 40 శాతాన్ని 30కి తగ్గించారు. చిన్న, సన్నకారు రైతులకి మాత్రం పాత ధరకే ఇస్తామన్నారు. మా నాయనకి మూడెకరాలు. ఒక ఎకరం సాగర్ కుడికాలువ కింద చివరి భూమి, మాగాణి. రెండెకరాలు మెట్ట. కాబట్టి మేము చిన్న రైతులమే. పాత ధర కావాలంటే చిన్న రైతు అని కాగితం కావాలన్నారు. నాయన మండలాఫీసు చుట్టూ నాలుగుసార్లు తిరిగాడు. కాగితం చేతికి వచ్చేసరికి నాట్లు అయిపోయాయి. కాగితం తీసుకుని కొట్టుకి పోతే పాత ధర సరుకు అయిపోయింది, కొత్త ధర సరుకు ఉంది అన్నాడు కొట్టాయన. గోడౌన్ ఒకటే, బస్తా ఒకటే, ధర మాత్రం రెండు. నాయన ఆ కాగితం చాలా ఏళ్ళు ట్రంకు పెట్టెలో దాచాడు. "మనం చిన్న రైతులమని సర్కారు ఒప్పుకున్న కాగితం రా ఇది" అని నవ్వేవాడు.

యూరియా ఒక్కటీ మిగిలింది

అసలు దెబ్బ 1992 ఆగస్టులో పడింది. పార్లమెంటు కమిటీ ఒకటి వేశారు. దాని సిఫార్సు మీద డి.ఎ.పి., పొటాష్, కాంప్లెక్స్ ఎరువుల మీద ధరల అదుపు ఎత్తేశారు. వాటి సబ్సిడీ తీసేశారు. మరి యూరియా? దాన్ని మాత్రం అదుపులోనే ఉంచి, ధర ఇంకో 10 శాతం తగ్గించారు! రైతులు ఊరుకోరని భయం. లెక్క చూడండి. 1991కి ముందు యూరియా టన్ను 2,350 రూపాయలు. పెంచాక 3,060. తర్వాత తగ్గించి 2,760. అంటే బస్తా 138 రూపాయలు. పొటాష్ 1992కి ముందు టన్ను 1,700. అంటే బస్తా 85. అదుపు ఎత్తేశాక కొద్ది నెలల్లోనే రెట్టింపు దాటిపోయింది. డి.ఎ.పి. సంగతి కూడా అంతే, చేతికి అందకుండా పోయింది.

మీరే రైతు స్థానంలో ఉండి ఆలోచించండి. అంటే మీరు ఉన్నారు కదా. ఒక బస్తా చవక, మిగతావి ఖరీదు. ఏం చేస్తారు? యూరియా చల్లుతారు. చేను నల్లగా పచ్చగా కనపడుద్ది, ఇంటామె కూడా బాగుందంటది. మేమూ అదే చేశాం. నాయన పొటాష్ వేయడం మానేశాడు. డి.ఎ.పి. రెండు బస్తాల చోట ఒకటి వేశాడు, యూరియా ఇంకో బస్తా ఎక్కించాడు. వరికి దోమ ఎక్కువైంది, పైరు పడిపోవడం ఎక్కువైంది, గింజ తాలు పోయింది. మళ్ళీ మందులు కొట్టాం. ఎరువులో మిగిల్చిన డబ్బు మందుల కొట్టాయనకి పోయింది.

ఇది మా ఇంటి కథ ఒక్కటే అయితే ఇంత పెద్దగా రాయను. మన శాస్త్రవేత్తలు చెప్పే లెక్క ప్రకారం నత్రజని, భాస్వరం, పొటాష్ దేశం మొత్తం మీద 4:2:1 పాళ్ళలో ఉంటే మంచిది. 1991-92లో అది 5.9:2.4:1గా ఉండేది. ఒక్క ఏడాది తిరిగేసరికి, 1992-93లో, 9.5:3.2:1 అయింది. ఒక్క జీవోతో దేశంలో ఉన్న భూములన్నిటి తిండి మారిపోయింది. ఆ జబ్బు ఇప్పటికీ తగ్గలేదు. 2010లో పోషకాన్ని బట్టి సబ్సిడీ అని కొత్త పద్ధతి పెట్టినప్పుడు కూడా యూరియాని పక్కన పెట్టి మిగతావాటికే పెట్టారు. ఇవాళ 45 కిలోల యూరియా బస్తా 267 రూపాయలు, డి.ఎ.పి. 1,350. ఈ రెండు ధరలు పక్కపక్కన పెట్టుకుని చూస్తే 1992 ఆగస్టు ఇంకా అయిపోలేదని అర్థమవుద్ది.

రెండో పాఠం ఇది. కోత కోయాల్సి వస్తే అన్నిటి మీదా సమానంగా, కొంచెం కొంచెంగా కోయాలి. అరిచే చోట వదిలేసి, అరవని చోట మొదలంటా కోస్తే, మిగిలిన డబ్బు కన్నా తర్వాత అయ్యే నష్టం ఎక్కువ. పొటాష్ కోసం రోడ్డెక్కినవాడు ఎవడూ లేడు. భూమికి నోరు లేదు.

బియ్యం, నీరు, కరెంటు

ఇక మన రాష్ట్రం సంగతికి వద్దాం. 1983లో ఎన్టీ రామారావు గారు రెండు రూపాయలకి కిలో బియ్యం పెట్టారు. మోటార్లకి హార్స్ పవర్‌కి ఏడాదికి 50 రూపాయలే. మెట్టలో బావి తవ్వి మోటారు పెట్టుకున్నవాడికి అది నిజంగా వరం. మా నాయన 5 హార్స్ పవర్ మోటారుకి ఏడాది మొత్తం మీద 250 కట్టేవాడు. 1994 ఎన్నికల్లో మళ్ళీ రెండు రూపాయల బియ్యం, దాంతోపాటు మద్యనిషేధం మాట ఇచ్చి గెలిచారు. నిషేధం ఆడవాళ్ళు పోరాడి తెచ్చుకున్నది. మంచిదే. కానీ సారా, బ్రాందీ మీద వచ్చే రాబడి పోయింది, బియ్యం ఖర్చు పెరిగింది. ఒక చేత్తో రాబడి వదులుకుని ఇంకో చేత్తో ఖర్చు పెంచితే ఏమవుద్ది?

1995 సెప్టెంబరులో చంద్రబాబు నాయుడు గారు ముఖ్యమంత్రి అయ్యారు. 1996లో శ్వేతపత్రం వేసి ఖజానా ఖాళీ అని ఊరూరా చెప్పారు. తర్వాత వరసగా వచ్చాయి. బియ్యం కిలో రెండు నుంచి మూడున్నర అయింది. తర్వాత అది 5.25 దాకా పోయింది. 1997లో నిషేధం ఎత్తేశారు. నీటి తీరువా పెద్ద కాలువల కింద మొదటి పంట వరికి ఎకరానికి 60 ఉన్నది 200 చేశారు. కరెంటు శ్లాబు పెరిగింది.

1998లో ప్రపంచ బ్యాంకు మన రాష్ట్రానికి 54 కోట్ల డాలర్ల పైచిలుకు అప్పు మంజూరు చేసింది. నిజం చెప్పాలంటే ఆ అప్పులో కాలువల మరమ్మతుకీ, బడులకీ, ఆసుపత్రులకీ, రోడ్లకీ కూడా డబ్బు ఉంది. దాంతో పాటు షరతులూ ఉన్నాయి. ఉద్యోగాల భర్తీ బిగబట్టాలి, సర్కారు సంస్థలు వదిలించుకోవాలి, కరెంటు బోర్డుని విడగొట్టాలి. 1999 ఫిబ్రవరి 1న విద్యుత్ బోర్డు పోయి జెన్‌కో, ట్రాన్స్‌కో అయ్యాయి. 2000 ఏప్రిల్లో నాలుగు పంపిణీ కంపెనీలు వచ్చాయి. 2002లో నిజాం షుగర్స్‌లో 51 శాతం వాటా ప్రైవేటుకి పోయింది. అక్కడి చెరుకు రైతులు ఎన్ని తిప్పలు పడ్డారో తెలంగాణ మిత్రులు నాకన్నా బాగా చెప్తారు.

2000లో కరెంటు ఛార్జీలు పెరిగినప్పుడు రాష్ట్రం అట్టుడికిపోయింది. ఆ ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్ దగ్గర చలో అసెంబ్లీ మీద పోలీసు కాల్పులు జరిగాయి. ముగ్గురు ప్రాణాలు పోయాయి. ఆ రోజు రేడియోలో వార్త విన్నప్పుడు మా అరుగు మీద ఒక్కడు మాట్లాడలేదు.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటి చెప్తా. అన్నేళ్ళూ మనకి ఏం చెప్పారు? "రైతులు కరెంటు తినేస్తున్నారు, అందుకే బోర్డు నష్టాల్లో ఉంది" అని. మన మోటార్లకి మీటర్లు లేవు. మీటరు లేని చోట ఎంత కాలిందో ఎవడికి తెలుసు? ఎక్కడ తేడా వచ్చినా రైతు పద్దులో రాసేశారు. సంస్కరణల పేరుతో లెక్కలు తిరగదోడినప్పుడు అసలు బండారం బయటపడింది. దారిలో పోయే కరెంటు, దొంగతనంగా పోయే కరెంటు అంతా కలిపి 20 శాతం లోపే అని అంతకుముందు చూపించారు. అది 30 శాతం పైనే అని తేలింది. అంటే మన పేరు మీద రాసిన కరెంటులో కొంత మన చేలకి రాలేదు. ఫ్యాక్టరీలకీ, బంగళాలకీ పోయింది. ఖర్చు తగ్గించమని అడిగేవాడు ముందు ఖర్చు ఎవరు చేస్తున్నారో సరిగ్గా లెక్క చూడాలి కదా. ఇది మూడో పాఠం.

మా ఇంట్లో సంగతి. మోటారు బిల్లు ఏడాదికి 250 ఉన్నది దాదాపు రెండు వేలు అయింది. ఇవాళ రెండు వేలంటే మీకు నవ్వు రావొచ్చు. 2001 నుంచి వరసగా వానలు లేవు. బోరులో నీళ్ళు అరగంట పోసి ఆగిపోయేవి. నీళ్ళు రాని మోటారుకి కూడా శ్లాబు కట్టాల్సిందే. రెండేళ్ళు కట్టలేకపోయాం. ఒక రోజు పొద్దున పొలానికి పోతే స్టార్టరు లేదు. కరెంటోళ్ళు ఊడదీసుకుపోయారు. మిరప తోట పూత మీద ఉంది. ఇంటామె కమ్మలు తాకట్టు పెట్టి బిల్లు కట్టి స్టార్టరు తెచ్చుకునేసరికి తొమ్మిది రోజులు. ఆ తొమ్మిది రోజుల్లో పూత రాలింది. 1991లో దేశం చేసిన పని 2002లో మా ఇంట్లో జరిగింది. దేశం బంగారం తర్వాత విడిపించుకుంది. మా కమ్మలు వేలానికి పోయాయి.

మాకన్నా కష్టం పడ్డవాళ్ళు ఎందరో. 1997-98లో వరంగల్లు వైపు పత్తికి పురుగు పట్టి, కల్తీ మందులు పని చేయక, వడ్డీ వ్యాపారి అప్పు తీరక వందల మంది రైతులు చచ్చిపోయారు. తర్వాత కరువు ఏళ్ళలో అన్ని జిల్లాల్లోనూ అదే ఏడుపు. 2004లో జయతీ ఘోష్ గారి అధ్యక్షతన రైతు సంక్షేమ కమిషన్ వేస్తే, వాళ్ళు ఊళ్ళు తిరిగి తేల్చింది ఒకటే. ఇది వానల వల్ల ఒక్కదాని వల్ల వచ్చింది కాదు. రైతుకి అండగా ఉండే సర్కారు ఏర్పాట్లు ఒక్కొక్కటీ వెనక్కి తగ్గడం వల్ల వచ్చింది. ఆ మాట మనం నిదానంగా అర్థం చేసుకోవాలి.

కనపడకుండా పోయినవి

ధర పెరిగితే మనకి కనపడుద్ది. బిల్లు చేతికి వస్తది, తిట్టుకుంటాం. కానీ అసలు పెద్ద కోత బిల్లు రూపంలో రాలేదు. మనుషుల రూపంలో పోయింది. ఒకరు రిటైరైతే ఇంకొకరు రాలేదు. అంతే. దానికి జీవో చదివి వినిపించరు, పేపర్లో వార్త రాదు.

నా చిన్నప్పుడు మా ఊరికి వ్యవసాయ శాఖ వాళ్ళు పదిహేను రోజులకోసారి చెప్పిన రోజు చెప్పిన టైముకి వచ్చేవాళ్ళు. వి.డి.ఓ. అనేవాళ్ళం. సైకిలు మీద వచ్చి రావిచెట్టు కింద పలక పెట్టి ఏ తెగులుకి ఏ మందో రాసేవాడు. తమాషా ఏందంటే ఆ పద్ధతిని మన దేశంలో ప్రోత్సహించింది కూడా ప్రపంచ బ్యాంకే. డబ్బు ఆగిపోయింది, పలక పోయింది. ఆ పలక చోటికి ఎవరొచ్చారు? మందుల కొట్టాయన వచ్చాడు. సలహా చెప్పేవాడే సరుకు అమ్మేవాడు అయితే సలహా ఎట్లా ఉంటదో మీకు తెలుసు.

పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు పోయాడు. బడిలో అయ్యవార్ల ఖాళీలు నింపకుండా విద్యా వాలంటీర్లని పెట్టారు. పాపం ఆ పిల్లలు తక్కువ జీతానికి బాగానే చెప్పారు. కానీ ఏడాదికొకరు మారేవాళ్ళు.

అన్నిటికన్నా నన్ను కుదిపింది కాలువ లస్కరు. ఈ కాలం పిల్లలకి లస్కరు అంటే తెలియదు. కాలువ వెంట తిరిగి, ఎవరి తూము ఎంత ఎత్తాలో చూసి, గండి పడితే పూడ్పించి, రాత్రిపూట పైవాళ్ళు దొంగగా తూములు ఎత్తకుండా కాపలా కాసే మనిషి. మా మేజరు మీద ఉన్న లస్కరు చేతికర్ర, టార్చిలైటుతో తిరిగేవాడు. అతనంటే పైఊరి మోతుబరులకి కూడా భయం. అతను రిటైరైన తర్వాత ఆ చోటికి ఇంకో మనిషి రాలేదు. ఒక మనిషి జీతం సర్కారుకి మిగిలింది.

ఏం జరిగిందో చెప్తా. కాలువలో నీళ్ళు ఉంటాయి. పైన నిండుగా పారతాయి. చివర ఉన్న మా చేను దాకా రావు. 1997లో నీటి సంఘాల చట్టం తెచ్చారు. రాష్ట్రం మొత్తం మీద పదివేలకి పైగా సంఘాలకి ఎన్నికలు పెట్టారు. మంచి ఆలోచన. మొదట్లో పూడిక తీశారు, రెండు మూడేళ్ళు నీళ్ళొచ్చాయి కూడా. ఆ మాట నేను దాచను. కానీ సంఘానికి లస్కరుకున్న అధికారం లేదు. ప్రెసిడెంటు పైఊరి ఆయన. ఆయన తూము ఆయనే ఎందుకు దించుకుంటాడు? తర్వాత ఎన్నికలు సక్రమంగా జరగలేదు. మళ్ళీ 2024 డిసెంబరులో పెట్టారు. చూద్దాం.

మా నాయన ఎకరం మాగాణిలో వరి ఊడ్చడం ఎప్పుడో ఆగిపోయింది. ఇప్పుడు అక్కడ జామాయిల్ ఉంది. కాలువ కింద భూమిలో జామాయిల్! నాయన బతికుండగానే వేశా. ఆయన గట్టు మీద కూర్చుని మొక్కలవైపు చూడకుండా కాలువవైపు చూసేవాడు. నీటి తీరువా డిమాండ్ నోటీసు మాత్రం కొన్నేళ్ళు వస్తానే ఉంది. ఒక లస్కరు జీతం ఆదా చేశారు. ఆ మేజరు చివరన మాలాంటి వాళ్ళ భూములు ఎన్ని ఎకరాలు ఎండాయో ఆ ఆదా లెక్కలో ఎవరైనా కలిపారా?

తిరిగి వచ్చినవి, రానివి

2004 మే 14న రాజశేఖర్ రెడ్డి గారు ముఖ్యమంత్రిగా మొదటి సంతకం ఉచిత కరెంటు మీద పెట్టారు. పాత బకాయిలు మాఫీ చేశారు. ఆ రోజు మా ఊర్లో టపాసులు కాల్చారు, నేనూ కాల్చా. 2008లో బియ్యం మళ్ళీ రెండు రూపాయలు అయింది. 2011లో కిరణ్ కుమార్ రెడ్డి గారి టైములో రూపాయికి వచ్చింది. అప్పట్నుంచి ఇప్పటిదాకా ఏ పార్టీ వచ్చినా మోటారు కరెంటు మీద చెయ్యి వేసే ధైర్యం చెయ్యలేదు. సంతోషమే.

కానీ ఒక్కసారి ఆలోచించండి. తిరిగి వచ్చినవి ఏవి? మన పేరు మీద లెక్క రాయగలిగినవి, మనకి నేరుగా కనపడేవి. తిరిగి రానివి ఏవి? లస్కరు, కాంపౌండరు, కాలువ మరమ్మతు. ఓటు తెచ్చేవి వచ్చాయి, ఓటు తేనివి రాలేదు. ఆంధ్రాలో రైతు భరోసా కేంద్రాలు, ఊరికొక అగ్రికల్చర్ అసిస్టెంటు చాలా ఏళ్ళ తర్వాత వచ్చారు. ఆ పిల్లలకి పొలం చూసే తీరిక కన్నా ఫోన్లో ఫొటోలు ఎక్కించే పని ఎక్కువ.

మన తప్పు కూడా చెప్పుకోవాలి. కరెంటు ఉచితం అయ్యాక మనమేం చేశాం? మా ఊర్లో వంద అడుగులు ఉన్న బోర్లు ఐదారొందలకి దిగాయి. ఆటోమేటిక్ స్టార్టరు బిగించి ఇంట్లో పడుకున్నాం. పారినన్ని పారనీ అన్నాం. నీటి తీరువా ఎన్నేళ్ళు కట్టలేదో నాకే గుర్తులేదు. మరమ్మతు మాత్రం సర్కారు చెయ్యాలి. తీరువా కట్టని వాడికి లస్కరు ఏడి అని అడిగే నోరు ఎట్లా వస్తది? ఈ మాట రాస్తే కొందరికి కోపం వస్తది, రానీయండి. నన్ను నేను కూడా అంటున్నా.

మళ్ళీ కోత మాట వస్తే

ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ అప్పుల మాట రోజూ పేపర్లో ఉంటానే ఉంది. ఏ పార్టీ గద్దె మీద ఉంటే అది పాతవాళ్ళు ముంచారని శ్వేతపత్రం వేస్తది. ఏదో ఒక రోజు ఎవరో ఒకరు కోత మొదలుపెడతారు. ఆ రోజు మనం ముప్పై ఏళ్ళ కిందట లాగా తెల్లమొహం వేసుకుని నిలబడకూడదు. వాళ్ళని మూడు సంగతులు అడగాలి.

ఒకటి. ఎవరి వాటా ఎంతో ముందు చెప్పండి. కరెంటు లెక్కలో జరిగినట్టు పక్కవాడు తిన్నది మన పద్దులో రాస్తే ఒప్పుకోం. రైతుకి ఇచ్చేది సబ్సిడీ అంటారు, కంపెనీకి వదిలేస్తే రాయితీ అంటారు. రెండూ ఒకే కాగితం మీద వేసి చూపించండి.

రెండు. ఒకేసారి కోయొద్దు, ఒక్కదాన్నే కోయొద్దు. ఏటా కొంచెం పెంచితే కట్టుకుంటాం. పదేళ్ళు ముద్దు చేసి పదకొండో ఏడు స్టార్టరు ఊడదీస్తే చచ్చిపోతాం. యూరియా, పొటాష్ సంగతి మళ్ళీ జరగకూడదు.

మూడు. మనిషిని తీసేసేటప్పుడు ఆ మనిషి చేసే పని ఎవరు చేస్తారో చెప్పి తీసేయండి. లస్కరు జీతం ఒక పద్దు. లస్కరు లేక ఎండిన పొలం ఇంకో పద్దు. రెండో పద్దు ఏ బడ్జెట్టు పుస్తకంలోనూ ఉండదు. అది మనమే రాసి పెట్టుకోవాలి.

మనల్ని మనం కూడా ఒకటి అడుక్కోవాలి. ఓటుకి వచ్చినోడు "ఏం కావాలి" అంటే మనం ఏం చెప్తున్నాం? ఖాతాలో ఎంత వేస్తావు అని అడుగుతున్నాం. కాలువ చివరికి నీళ్ళు ఎప్పుడిస్తావు అని ఎంతమంది అడుగుతున్నాం? మనం అడగనిది మొదట కోతకి పోద్ది. 1992లో పొటాష్ అట్లానే పోయింది, తర్వాత మా లస్కరూ అట్లానే పోయాడు.

వచ్చే ఏడు జామాయిల్ కొట్టుడుకి వస్తది. కొట్టించిన తర్వాత మొదళ్ళు పీకించి ఆ ఎకరంలో మళ్ళీ వరి వేద్దామని ఉంది. కొత్తగా ఎన్నికైన సంఘం వాళ్ళ దగ్గరికి పోయి, మేజరు కింద చివరి రైతులం పన్నెండు మందిమి కలిసి, మా బకాయి తీరువా కడతాం, మాకు మనిషిని పెట్టండి అని అడిగాం. చూద్దామన్నారు. ఆ మాట మీద నాకు పెద్ద నమ్మకం లేదు. కానీ అడగటం మానను.

మీ ఊర్లో ఆ పదమూడేళ్ళలో ఏది పోయింది, ఏది మళ్ళీ రాలేదు? పెద్దవాళ్ళు ఉంటే అడిగి తెలుసుకుని కింద రాయండి. ఒక్కొక్క ఊరిదీ రాసుకుంటే, ఆ రెండో పద్దు మనమే తయారు చేసినట్టు అవుద్ది.

వాన తగ్గినట్టుంది. పొలం వైపు పోయి వస్తా. ఉంటాను.